మిగిలిన వాషరు

యారాడ కొండ మూడో మలుపులో
బండి మూలిగింది.
వెనక పదకొండుమంది పిల్లలు
ఆ మూలుగుకి వంత పాడి నవ్వేరు.
నా భుజాలు నవ్వలేదు.
స్టీరింగు తిప్పడం కాదది,
తడి చాలని పప్పుని రోట్లో రుబ్బడం.

మల్కాపురం మెకానిక్కు తొమ్మిది వేలన్నాడు.
"పవర్ స్టీరింగ్ పంపు పోయిందమ్మా,
బండి నాల్రోజులు వదిలేసెళ్లు."
నాల్రోజులు వదిలేస్తే
పదకొండు గుమ్మాల ముందు హారన్ ఎవరు కొడతారు?

శనివారం ఆటోనగర్లో
ఇనప కుప్పల మధ్య దొరికిందొకటి.
ఏ క్వాలిస్ పొట్టలోంచి పీకేరో గాని
వేలితో తిప్పితే నున్నగా తిరిగింది.
రెండు వేల మూడొందలు.
కొట్టువాడు పాత పేపర్లో చుట్టి ఇచ్చేడు
చందువా చేపని చుట్టినట్టు.

ఆదివారం పొద్దున్న
కుళాయి దగ్గర బిందెల వరస కదలకముందే
బానెట్ ఎత్తేను.
షిప్‌యార్డులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరు చేసిన దాలయ్య మావ
ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు,
ఎవరూ పిలవకుండానే.
ఆయన చెయ్యి వణుకుతుంది.
టీ గ్లాసు సగమే పోయించుకుంటాడు.
స్పానరు పట్టలేడు.
ఒక్కసారి స్టార్టు చెయ్యమన్నాడు.
పొడుగు స్క్రూడ్రైవరు మొన పంపుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.
"గాలి మింగేస్తంది గుంటా.
లోపల రెక్కలరిగిపోనాయి. ఇప్పేయ్."

ఈ ఊళ్లో ఉప్పు
వంటింట్లోనే ఉండదు, బోల్టు మరల్లోనూ ఉంటుంది.
రాత్రే కిరసనాయిలు పోసి ఉంచేను.
అయినా మొదటిది కదలడానికి
నా చెయ్యి రెండుచోట్ల చెక్కుకుపోయింది.
బెల్టు వదులు చేసేను. రెండోది వచ్చింది.
మూడోది పుల్లీ వెనక, కంటికి ఆనదు.
జడ వెనక రబ్బరుబ్యాండు వెతుక్కున్నట్టు
వేళ్లతోనే వెతికేను.
గొట్టం ఊడదీస్తే
ఎర్రగా ఉండాల్సిన నూనె
ఉలవచారులా దిగింది, అడుగు మాడిన పాత గిన్నెలోకి.

"రాగి వాషర్లు కొత్తవే ఎయ్యి,
పాతవి మళ్లీ బిగించేవంటే నాకు సెప్పకు"
అని మావ అటు తిరిగి కూర్చున్నాడు.
కొత్తవే వేసేను.

ముందు చక్రాలు జాకీ మీద, వెనక చక్రాలకి ఇటికలు.
తాళం తియ్యకుండా
డ్రైవరు సీట్లో కూర్చున్నాడు ఎనిమిదో తరగతి తవిటేశు.
ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా.
నోటితోనే గేర్లు మారుస్తున్నాడు,
నోటితోనే ఆవుల్ని తప్పిస్తున్నాడు.
డబ్బాలో ఇడ్లీ పిండి పొంగినట్టు బుడగలు.
నేను ఎర్ర నూనె పోస్తున్నాను.
మావ లెక్కపెడుతున్నాడు.
పదిహేడు. పద్దెనిమిది.
ఇరవయ్యోసారికి ఒకే ఒక్క బుడగ,
అదీ ఆలోచించుకుని వచ్చింది.

స్టార్టు చేసేను.
మూలుగు లేదు.
మావ మళ్లీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు.
పిడి వణికి చెవికి టకటక తగులుతోంది.
నిమిషం. రెండు నిమిషాలు.
నాకు భయం పట్టుకుంది.
"ఇంకేటి మావా?"
"ఏటీ లేదే. బాగుంది.
ఇనబుద్దవుతంది."

సామాన్లు సర్దుతుంటే
గోనెపట్టా మీద ఒక ఇనప వాషరు.
ఎక్కడిదో ఎవరికీ తెలీదు.
కిందా మీదా గంటసేపు చూసేం.
"ఒకటి మిగిల్తే బండిది,
రెండు మిగిల్తే తప్పు మనది"
అని కుర్చీ ఎత్తుకుని వెళ్లిపోయేడు.

సోమవారం మూడో మలుపులో
అలవాటు కొద్దీ పాత బలమంతా పెట్టి తిప్పేను.
బండి గోడ దాకా వెళ్లి వచ్చింది.
పిల్లలు కెవ్వుమన్నారు, తర్వాత చప్పట్లు.
ఒక్క వేలు చాలిన పనికి
రెండు భుజాలూ సిద్ధంగా ఉన్నాయి పాపం,
వాటికెవరూ చెప్పలేదు.

వాషరు డాష్‌బోర్డు మీదే ఉంది.
కుడి మలుపుకి ఎడమకి జారుతుంది,
ఎడమ మలుపుకి కుడికి.
ఎటు జారుతుందో తెలిసి కూడా
పిల్లలు చాక్లెట్లు పందెం కడతారు.
దిగేటప్పుడు, సముద్రం కనపడే చోట
దారి కాస్త తిన్నగా ఉంటుంది,
అక్కడ కాసేపు
మధ్యలో ఆగుతుంది.